ఆరడుగుల డెస్క్, సన్నని పలక: చేయించుకునే ముందు చూసుకోవలసినవి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైన రీతిలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. మియాపూర్‌లో అద్దె ఫ్లాటు, పది అడుగులకు పదకొండు అడుగుల గది. మీరూ మీ శ్రీమతీ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వేర్వేరు షిఫ్టులు కాబట్టి ఒకే డెస్క్‌ను ఇద్దరూ వాడుకుంటారు. మీ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, ఆమెది 5 అడుగుల 1 అంగుళం. మీకు నచ్చిన ఫొటోలో వాల్‌నట్ రంగు పలక ఉంది, ఆరడుగుల పొడవు, చూడటానికి ముప్పావు అంగుళం మందం, ఏటవాలుగా నిలిచిన నాలుగు సన్నని నల్లటి ఇనుప కాళ్లు, అడ్డుపట్టీ ఒక్కటీ కనిపించదు. మీ వడ్రంగి దాన్ని 18 మి.మీ. ప్లైవుడ్‌తో అచ్చం అలాగే చేసిస్తానన్నారు. ఆన్‌లైన్‌లో ఇంచుమించు అదే రూపంలో ఉన్న ఎం.డి.ఎఫ్. (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన బోర్డు) డెస్క్ అంతకంటే తక్కువ ధరకు వస్తోంది. రెంటిలో ఏది తీసుకోవాలని అడిగారు.

ఇరవై రెండేళ్లుగా ఆఫీసులకూ ఇళ్లకూ ఫర్నిచర్ చేసి ఇస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఇప్పుడున్న రూపంలో ఆ రెండూ తీసుకోకండి. మీకు నచ్చిన ఆ సన్నదనం దాదాపు అలాగే మీ గదిలోకి వస్తుంది, మీ వడ్రంగి చేతనే చేయించుకోవచ్చు. అయితే పలక అడుగున ఒక ఇనుప చట్రం ఉండాలి, డెస్క్ ఎత్తు మామూలుగా అందరూ పెట్టే 30 అంగుళాలు కాకుండా 28 అంగుళాలు ఉండాలి, లోతు కూడా 24 కాకుండా 28 అంగుళాలు ఉండాలి. ఈ మూడింటికీ కారణాలు వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా కొలతలు మాత్రం తీసుకువెళితే వడ్రంగి "అందరికీ 30 అంగుళాలే సార్" అన్న వెంటనే మీరు సరేననేస్తారు.

ముందు ఆ సన్నని పలక సంగతి. పలక ఎంత కుంగుతుందనేది దాని మందం మీదా, రెండు ఆధారాల మధ్య దూరం మీదా ఆధారపడుతుంది, ఆ ఆధారపడటం కూడా ఘనం లెక్కన ఉంటుంది. మందం రెట్టింపు అయితే కుంగుడు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఆధారాల మధ్య దూరం రెట్టింపు అయితే, నడిమధ్య పెట్టిన అదే బరువుకు కుంగుడు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. మూడడుగుల బల్ల మీద చక్కగా నిలిచిన పలక ఆరడుగులకు నిలవకపోవడానికి కారణం ఇదే. మీ విషయంలో కాళ్ల మధ్య దూరం సుమారు 170 సెం.మీ., లోతు 70 సెం.మీ., పలక 18 మి.మీ. ప్లై అనుకుని, మధ్యలో మానిటరు, దాని స్టాండు, ఆనించిన మోచేతులు కలిపి 20 కిలోల బరువు వేసి లెక్క కడితే, సుమారు ఒక సెంటీమీటరు కుంగుతుంది. పలక సొంత బరువుకు మరో నాలుగు మిల్లీమీటర్లు. ఇది మొదటి రోజు లెక్క. చెక్క బరువు కింద నెలల తరబడి ఉన్నకొద్దీ కుంగుడు పెరుగుతుంది, బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు. ఎం.డి.ఎఫ్. బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ప్లైవుడ్ బిగువులో ఇంచుమించు సగమే కాబట్టి అదే మందంలో కుంగుడు రెట్టింపు అవుతుంది. నడిమధ్య ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దిగిన పలక గదిలో అడుగు పెట్టగానే కంటికి తెలుస్తుంది. పెన్సిలు పెడితే మధ్యకు దొర్లుతుంది. ఆ సన్నదనం కోసమే కదా ఆ డెస్క్ మీకు నచ్చింది. ఏడాది తిరిగేసరికి ముందు పాడయ్యేది అదే.

మరి ఫొటోలోని డెస్క్ ఎలా నిలిచింది? నాకు తెలిసిన కారణాలు రెండు. చాలా ఫొటోల్లో పలక అడుగున, అంచు నుంచి నాలుగైదు అంగుళాలు లోపలికి జరిపి, నల్ల రంగు వేసిన ఇనుప గొట్టాలు పొడవునా ఉంటాయి. నిలబడి చూసే మనిషి కంటికి అవి ఆనవు, నీడలో కలిసిపోతాయి. రెండో కారణం, ఈ శైలికి మూలమైన డెస్క్‌లు నిజానికి పొట్టివి. వంచిన ఉక్కు గొట్టాల కాళ్లతో అమెరికన్ డిజైనర్ జార్జ్ నెల్సన్ 1958లో హెర్మన్ మిల్లర్ సంస్థకు రూపొందించిన స్వాగ్ లెగ్ డెస్క్‌ను నేటికీ ప్రపంచమంతా అనుకరిస్తోంది. దాని పొడవు సుమారు 39 అంగుళాలు, అంటే మూడడుగుల పైచిలుకు. కాళ్ల జతల మధ్య ఒక చెక్క దూలం కూడా ఉంటుంది. ఆ రూపాన్ని తీసుకుని ఆరడుగులకు సాగదీసి, దూలాన్ని తీసేసి, పలకను అదే మందంలో ఉంచితే దానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలోనే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. చండీగఢ్ నగరం కడుతున్న 1950లు, 60లలో అక్కడి ప్రభుత్వ కార్యాలయాలకూ విశ్వవిద్యాలయానికీ కావలసిన బల్లలు, కుర్చీల రూపకల్పన, ఆ నగర రూపశిల్పి ల కార్బూజియే దగ్గరి బంధువు, సహచరుడు అయిన పియెర్ జన్నరే నాయకత్వంలో జరిగింది. ఎక్కువగా టేకు, పేము వాడి స్థానిక వడ్రంగులే వాటిని చేశారు. ఆ బల్లల కాళ్లు తలకిందులు చేసిన వి అక్షరంలాగానో, ఏటవాలు బద్దలలాగానో ఉంటాయి. ఆ ఆకారం చూపరుల కోసం అద్దినది కాదు. బల్ల పక్కకు ఊగకుండా ఆపేది ఆ ఏటవాలే. తరువాతి కాలంలో ఆఫీసులు వాటిని పాత సామాను కింద అమ్మేయగా విదేశీ వేలంపాటల్లో పెద్ద ధరలు పలికాయి, చివరికి 2011లో కేంద్ర హోం శాఖ ఆ వారసత్వ ఫర్నిచర్ అమ్మకాన్ని ఆపించవలసి వచ్చింది. నా దగ్గరికి డిజైనర్ డెస్క్ కావాలని వచ్చే ప్రతి ఒక్కరికీ నేను ఆ బల్లల ఫొటోలు చూపిస్తాను, బరువు మోసే భాగమే కంటికి ఇంపుగా ఉండటం ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది కాబట్టి.

ఇక మీ చట్రం. ఒకటిన్నర అంగుళం ఎత్తు, ఒక అంగుళం వెడల్పు, 2 మి.మీ. గోడ మందం ఉన్న ఎం.ఎస్. (మామూలు మెత్తటి ఉక్కు) గొట్టాలు రెండు, పొడవునా. ముందు అంచు నుంచి 4 అంగుళాలు లోపలికి ఒకటి, వెనుక అంచు నుంచి 4 అంగుళాలు లోపలికి ఒకటి. 14 గేజ్ అని అడిగితే దుకాణంలో ఆ మందమే ఇస్తారు. ఈ రెండు గొట్టాలు కలిస్తే ఆ 18 మి.మీ. ప్లై పలక కంటే సుమారు తొమ్మిది రెట్లు బిగువుగా ఉంటాయి. పలకా చట్రమూ కలిసి మోసినప్పుడు, పైన నేను చెప్పిన ఒక సెంటీమీటరు కుంగుడు ఒక మిల్లీమీటరుకు వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు నేనే చేశాను. పని మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో ఒక ఆఫీసుకు ఎనిమిది డెస్క్‌లు చేస్తూ, గొట్టాన్ని ఎటు నిలపాలో వెల్డరుకు గీసి ఇవ్వలేదు. పలకకు ఎక్కువ మేర ఆనుతుందని అతను వెడల్పు భాగాన్ని అడ్డంగా పడుకోబెట్టి అతికించేశాడు. అతని తప్పు కాదు, చూడటానికి అదే పద్ధతిగా ఉంటుంది. కానీ నిలువుగా నిలిపిన గొట్టానికి ఉన్న బిగువు, పడుకోబెడితే సగానికి పడిపోతుంది. ఆ ఎనిమిదీ వెనక్కి తెచ్చుకుని, చట్రాలు కోసి మళ్లీ వెల్డింగ్ చేయించాను. కాబట్టి కాగితం మీద గొట్టం కోత బొమ్మ గీసి, "ఒకటిన్నర అంగుళం నిలువుగా" అని రాసి ఇవ్వండి.

రెండంగుళాల గొట్టం వేస్తే ఇంకా గట్టిగా ఉండదా అని మీ వడ్రంగి అడగవచ్చు. గట్టిగానే ఉంటుంది, కానీ తొడలకు చోటు చాలదు. పలకను రెండు పొరలు చేసి 36 మి.మీ. చేసినా, పలక కింద ముందువైపు సొరుగు పెట్టినా ఇదే ఇబ్బంది. డెస్క్ పైతలం నుంచి అడుగుభాగం వరకు ఉండే మొత్తం మందం పెరిగినకొద్దీ కుర్చీని కిందికి దించుకోవాలి, కుర్చీ దిగితే చేతులు పైకి లేపుకుని టైపు చేయాలి. అందుకే పలకా గొట్టమూ కలిపి ఆరు సెంటీమీటర్లు దాటకూడదనేది నా లెక్క. ముందువైపు ఆ పల్చటి పెన్సిలు సొరుగు మాత్రం దయచేసి పెట్టించకండి. సొరుగులు కావాలంటే 15 అంగుళాల వెడల్పులో చక్రాల పెడెస్టల్ (సొరుగుల పెట్టె) ఒకటి విడిగా చేయించుకుంటే, ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు.

ఎత్తు దగ్గరికి వస్తాను, ఈ సమాధానంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. 30 అంగుళాల ఎత్తు కలంతో రాసుకునే బల్లది. రాసేటప్పుడు మనం కాస్త ముందుకు వంగి, మోచేయి బల్ల మీద ఆనించి, కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంటాం, దానికి ఆ ఎత్తు సరిపోతుంది. టైపు చేయడం వేరే పని. నేను ఇంటర్ సెలవుల్లో రాజమండ్రిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పరీక్షకు కూర్చున్నాను. అక్కడ మిషన్లు పెట్టిన బల్లలు మా స్కూలు బల్లల కంటే పొట్టిగా ఉండేవి, పక్కనే మాస్టారు రిజిస్టరు రాసుకునే బల్ల మాత్రం మామూలు ఎత్తులో ఉండేది. భుజాలు లేపితే మాస్టారు వెనుక నుంచి వచ్చి రెండు చేతులతో భుజాలను కిందికి నొక్కి, మోచేతులు పక్కలకు ఆనేలా సర్దేవారు. టైపు బల్ల 26, 27 అంగుళాలు, రాత బల్ల 29, 30 అంగుళాలు అనే తేడా ఆఫీసు ఫర్నిచర్‌లో చాలాకాలం స్పష్టంగా ఉండేది. కంప్యూటర్లు వచ్చాక టైపు బల్ల మాయమైంది, కీబోర్డు రాత బల్ల ఎక్కి కూర్చుంది. మెడ, భుజాలు లాగుతున్నాయని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది కుర్చీ మార్చాలనుకుంటారు. వాళ్ల ఇంటికి వెళ్లి కొలిస్తే బల్లే ఎత్తుగా ఉంటుంది.

మీ ఇద్దరి లెక్క చూడండి. మన ఇళ్లలో చెప్పులు లేకుండా కూర్చుంటాం కాబట్టి బూట్లు తొడుక్కునే ఆఫీసు లెక్క కంటే రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించాలి, విదేశీ సైట్లలో ఇచ్చే పట్టికలు ఇక్కడే తప్పుతాయి. మీ ఎత్తున్న మనిషి పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చుంటే మోచేయి నేల నుంచి సుమారు 69, 70 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. మీ శ్రీమతి ఎత్తున్నవారికి సుమారు 61 సెం.మీ. మరి 30 అంగుళాలంటే 76 సెం.మీ. పైనే. అంటే ఆ డెస్క్ ఆమెకు మాత్రమే ఎత్తు అని మీరు అనుకోవచ్చు గానీ, మీకు కూడా ఎత్తే. 28 అంగుళాలు, అంటే 71 సెం.మీ., పెడితే మీకు కుర్చీ మామూలుగానే సరిపోతుంది. ఆమె కుర్చీని సుమారు 49 సెం.మీ. వరకు ఎత్తుకోవాలి, పాదాల కింద 10 సెం.మీ. పీట వేసుకోవాలి. గ్యాస్ లిఫ్ట్ ఉన్న మామూలు ఆఫీసు కుర్చీలు 50 సెం.మీ. దాకా లేస్తాయి కాబట్టి అది కుదురుతుంది. అదే 30 అంగుళాల డెస్క్ అయితే ఆమె సీటు 54 సెం.మీ.కు లేవాలి, చాలా కుర్చీలు అంత లేవవు. 28 అంగుళాల డెస్క్ కింద, 18 మి.మీ. పలకా ఒకటిన్నర అంగుళం గొట్టమూ పోగా, ఆమె సీటు నుంచి చట్రం అడుగు వరకు 16 సెం.మీ. మిగులుతుంది, తొడలకు ఆ చోటు చాలు.

మోటారుతో లేచి దిగే డెస్క్ తీసుకుంటే ఈ సమస్యే ఉండదు కదా అని మీరు చివర్లో ఒక వాక్యం రాశారు. ఎత్తుల్లో ఇంత తేడా ఉన్న ఇద్దరికి అది నిజంగా మంచి ఆలోచనే, ఖర్చు భరించగలిగితే నేను కాదనను. కానీ కొనే ముందు అది ఎంత పైకి లేస్తుందో చూసి మురిసిపోకుండా, ఎంత కిందికి దిగుతుందో చూడండి. కాలులో రెండు భాగాలు ఒకదానిలోకి ఒకటి జారే చట్రాలు సాధారణంగా 70 సెం.మీ. దగ్గరే ఆగిపోతాయి, దాని మీద పలక మందం అదనం. అది ఆమెకు పైన చెప్పిన 28 అంగుళాల బల్ల కంటే మేలేమీ కాదు. కాలులో మూడు భాగాలున్న చట్రాలు 60, 62 సెం.మీ. వరకు దిగుతాయి, రెండు మోటార్లతో వస్తాయి, ధర ఎక్కువ. తీసుకుంటే అవే తీసుకోవాలి. నిలబడి పనిచేసే ఎత్తుకు లేపినప్పుడు ఏ చట్రమైనా కొంత ఊగుతుంది, కాబట్టి దుకాణంలో దాన్ని పూర్తిగా పైకి లేపించి, మానిటరు ఉండగా టైపు చేసి చూడండి. చట్రం మాత్రమే కొనుక్కుని, పలక మీ వడ్రంగి చేత చేయించుకునే వీలు కూడా ఉంది. నా ఖాతాదారుల్లో ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు.

లోతు విషయంలో వడ్రంగులు 24 అంగుళాలు ఎందుకు చెబుతారో నాకు తెలుసు, నేనూ కొన్నేళ్లు అదే చెప్పాను. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులకు నాలుగడుగులు. నాలుగడుగుల వెడల్పును నిలువునా రెండు చేస్తే రెండు డెస్క్‌ల పలకలు వస్తాయి, ముక్క వృథా కాదు. అంటే ఆ 24 అంగుళాలను నిర్ణయించింది షీటు కొలత. మీ చూపుకు కావలసిన దూరం వేరే. 27 అంగుళాల మానిటరుకూ కంటికీ మధ్య 60, 70 సెం.మీ. ఉండాలి. మానిటరు స్టాండు వెనుక ఏడెనిమిది అంగుళాలు తినేస్తుంది, ముందు కీబోర్డు, దాని ముందు ముంజేతులు ఆనడానికి చోటు ఉండాలి. 24 అంగుళాల్లో ఇవన్నీ ఇరుక్కుని, చివరికి మోచేతులు గాలిలో ఉంటాయి. మీ గదికి 28 అంగుళాలు పెద్దదేమీ కాదు. ఇక వృథా అంటారా, ఒక షీటులో మీ 72కు 28 పలక కోయగా, 72కు 20 అంగుళాల పట్టీ ఒకటి, 24కు 48 ముక్క ఒకటి మిగులుతాయి. వెనుక వైపు బిగించే 8 అంగుళాల పట్టీ, వైర్ల పెట్టె, మీ శ్రీమతి పాదాల కింద వేసుకునే పీట, ఇవన్నీ అందులోనే వచ్చేస్తాయి. షీటు మీద ఎలా కోయాలో గీత గీసి చూపిస్తే మీ వడ్రంగి అభ్యంతరం చెప్పరు.

ఆ వెనుక పట్టీ అలంకారం కోసం కాదు. మీ ఫొటోలో అది లేదు, అయినా పెట్టించుకోండి. నాలుగు సన్నని కాళ్ల బల్ల ఎడమకూ కుడికీ ఊగుతుంది, టైపు చేసినప్పుడల్లా మానిటరు వణుకుతుంది. వెనుక రెండు కాళ్లను కలుపుతూ, వాటికి గట్టిగా బోల్టు చేసిన 8 అంగుళాల పట్టీ ఆ ఊగుడును చాలావరకు ఆపేస్తుంది, గోడ వైపు ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు, వైర్లన్నీ దాని వెనుక దాగుతాయి. ఫొటోల్లో డెస్క్ అంత తేటగా కనిపించడానికి సగం కారణం అక్కడ వైరు ఒక్కటి కూడా లేకపోవడమే. మీ డెస్క్‌కు కనీసం ఏడు వైర్లు ఉంటాయి, లెక్కపెట్టి చూడండి. వెనుక అంచున 60 మి.మీ. రంధ్రాలు రెండు, పట్టీ వెనుక ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టేంత ఇనుప తొట్టి ఒకటి, గోడకూ డెస్క్‌కూ మధ్య రెండంగుళాల ఎడం ఉంటే చాలు.

పలకకు ఏ చెక్క అన్నదానిమీద ఎక్కువ మథనపడనవసరం లేదు. ఐ.ఎస్. 303 (ప్లైవుడ్‌కు భారత ప్రమాణం) ముద్ర, బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటిని తట్టుకునే) గ్రేడు ఉన్న 18 మి.మీ. ప్లై చాలు. ఐ.ఎస్. 710 మెరైన్ ప్లై వంటగది సింకు కిందికి కావాలి గానీ డెస్క్‌కు అక్కరలేదు. షీటు అంచును వెలుతురులో చూడండి. పొరల మధ్య సందులు కనిపిస్తే వద్దనండి, స్క్రూ సరిగ్గా ఆ సందులోకి వెళ్లిన రోజు అది పట్టదు. ఎం.డి.ఎఫ్.ను నేను తక్కువ చేయను. నునుపుగా ఉంటుంది, రంగు వేయడానికి దానికి మించినది లేదు, నాలుగడుగుల డెస్క్‌కు కింద సరైన చట్రం ఉంటే నిక్షేపంగా పనిచేస్తుంది. దాని బలహీనత అంచులో ఉంది. తుడిచే గుడ్డ తడి అంచులోకి దిగితే ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ యథాస్థితికి రాదు, విప్పి బిగించినకొద్దీ స్క్రూ వదులవుతుంది. అద్దె ఇల్లు మారే ప్రతిసారీ విప్పవలసిన మీకు ఇది ముఖ్యం. ఆ ఆన్‌లైన్ డెస్క్ మీదే మనసు పడితే అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి: పలక కింద పొడవునా గొట్టం ఉందా, పలక మందం ఎంత, కాళ్లు చట్రానికి బోల్టులతో బిగుస్తాయా లేక నేరుగా ఎం.డి.ఎఫ్.లోకి స్క్రూలతోనా. మూడో ప్రశ్నకు స్క్రూలతోనే అని జవాబు వస్తే వదిలేయండి.

వాల్‌నట్ రూపం లామినేటులోనూ వస్తుంది, వెనీరులోనూ వస్తుంది. వెనీరు అంటే నిజమైన చెక్క పొరే, అర మిల్లీమీటరో అంతకంటే పలుచగానో ఉండి, పలుచని ప్లై మీద అతికించి అమ్ముతారు. నా సొంత డెస్క్ వెనీరుదే. పాలిష్ పాతబడినప్పుడు రుద్ది మళ్లీ వేయించుకోవచ్చు, వయసు పెరిగేకొద్దీ దాని రంగు నాకు మరింత నచ్చుతోంది. కానీ వేడి టీ గ్లాసు నేరుగా పెడితే తెల్లటి వలయం పడుతుంది, రోజుకు రెండు షిఫ్టులు పనిచేసే డెస్క్ మీద ఆ జాగ్రత్త ఎవరూ పాటించలేరు. మీకు నేను మెరుపు లేని 1 మి.మీ. లామినేటు చెబుతాను. మెరిసేది వద్దు, ట్యూబులైటు ప్రతిబింబం రోజంతా కళ్లలో పడుతుంది. ఏది అతికించినా పలక అడుగున కూడా 0.7 లేదా 0.8 మి.మీ. లామినేటు వేయించండి. పైన మాత్రమే వేసి అడుగు వదిలేస్తే, తేమ ఒకవైపు నుంచే పీల్చుకుని వానాకాలంలో పలక విల్లులా వంగుతుంది. హైదరాబాద్‌లో ఇది కొంత ఆలస్యంగా కనిపిస్తుంది, కాకినాడకో విశాఖపట్నానికో పంపిన డెస్క్‌లలో మొదటి వానలకే కనిపించింది. అతికించే డబ్బు ఆదా చేయడానికి వడ్రంగులు ముందుగా వదిలేసేది ఈ అడుగు పొరనే.

అంచు దగ్గర కాస్త ఓపికగా పని చేయించండి. లామినేటు అంచు చాకులా ఉంటే నెల తిరగకుండా ముంజేతుల మీద ఎర్రటి గీత పడుతుంది. ముందు అంచుకు 6, 8 మి.మీ. టేకు పట్టీ అతికించి, పైమూలను చిత్రిక పట్టి, 3 మి.మీ. గుండ్రం చేయించి, వాల్‌నట్ రంగు పాలిష్ వేయించండి. పట్టీ అడుగు మూలను మాత్రం ఏటవాలుగా ఎక్కువగా చెక్కించండి. అప్పుడు నిజానికి ఇరవై మిల్లీమీటర్లున్న పలక, ఎదురుగా చూసేవారికి పన్నెండు మిల్లీమీటర్ల అంచులా కనిపిస్తుంది. మీకు ఫొటోలో నచ్చిన ఆ తేలికదనం ఇక్కడి నుంచే వస్తుంది, ఈ ఒక్క పనికి పూట పట్టినా పట్టనివ్వండి.

చట్రానికి సంబంధించి మిగిలినవి త్వరగా చెబుతాను. కాళ్ల జతలు విడిగా, పొడవు గొట్టాలు విడిగా ఉండి 8 మి.మీ. బోల్టులతో కలవాలి, అప్పుడే లిఫ్టులో పడుతుంది, ఇల్లు మారేటప్పుడు విప్పవచ్చు. రంధ్రాలన్నీ పౌడర్ కోటింగుకు ముందే వేయించాలి, తరువాత వేస్తే ఆ చోట తుప్పు మొదలవుతుంది. పలకను చట్రానికి బిగించే రంధ్రాలు కోలగా ఉండాలి, ముఖ్యంగా ఎప్పుడైనా ఈ చట్రం మీదికే గట్టి టేకు పలక వేయాలనుకుంటే, ఎందుకంటే టేకు ఎంత నెమ్మదైన చెక్క అయినా 28 అంగుళాల వెడల్పులో కాలాన్నిబట్టి కొద్దిగా సాగుతుంది, ముడుచుకుంటుంది, స్క్రూ దాన్ని కదలనివ్వకపోతే పగులుతుంది. కాళ్ల అడుగున తిప్పి ఎత్తు సరిచేసుకునే బుష్‌లు వేయించండి, మన ఫ్లాట్లలో టైల్స్ ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండవు. డెస్క్‌ను కిటికీకి ఎదురుగానో కిటికీని వీపువైపు పెట్టుకునో కాకుండా, వెలుతురు పక్క నుంచి వచ్చేలా వేసుకోండి.

డెస్క్ ఇంటికి వచ్చిన రోజు డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు పలక మీద పొడవునా ఒక దారం బిగించి, మధ్యలో దారానికీ పలకకూ ఎడం ఎంతుందో చూడండి. తరువాత మధ్యలో ఇరవై కిలోల బియ్యం బస్తా పెట్టి మళ్లీ చూడండి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే చట్రం ఎక్కడో తప్పింది. ఒక మూలన అరచేయి ఆనించి పక్కకు తోసి చూడండి. పైన పెట్టిన గ్లాసులో నీళ్లు కాస్త కదిలి వెంటనే ఆగిపోవాలి.

ఆర్డరు ఇచ్చే ముందు మాత్రం నేను పైన చెప్పిన మోచేతి ఎత్తులను మీరిద్దరూ టేపుతో ఒకసారి కొలుచుకోండి, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరికి కూడా కాళ్ల పొడవు, మొండెం పొడవు వేరుగా ఉంటాయి. చెప్పులు లేకుండా, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కుర్చీని దించుకుని, భుజాలు వదులుగా వదిలి, మోచేతిని లంబకోణంలో మడిచి, నేల నుంచి మోచేయి అడుగు వరకు ఎంతో ఇంకొకరి చేత కొలిపించుకోండి. దాంతోపాటు మీ కుర్చీ సీటు ఎంత కిందికి దిగుతుందో, ఎంత పైకి లేస్తుందో కూడా కొలవండి. ఆ అంకెలు ఇక్కడ రాస్తే, చట్రం ఎత్తూ పీట ఎత్తూ వాటికి తగినట్టు సరిచేసి, వడ్రంగికి ఇవ్వడానికి వీలుగా కొలతల బొమ్మ గీసి పెడతాను.